గగనమార్గమునకు కావలి యెవరు?

1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన కరాచీలో బయలుదేరిన టాటావారి తపాలా విమానము అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అంతవఱకు దానిని నడిపినవారు జె. ఆర్. డి. టాటాగారు. బొంబాయినుండి ఆ టపాను నెవిల్ విన్సెంటు అను వైమానికుడు గైకొని, నడుమ బళ్లారిలో దిగి, పిమ్మట చెన్నపట్టణము చేర్చెను. బళ్లారి మనకు పొరుగూరు. 1882లో అనంతపురము జిల్లా విడివడినది ఆ జిల్లానుండియే. ఈ దత్తమండలముల యెండుభూములమీద నెగిరిన ఆ విమానమున రేడియో లేదు. దారి చూపు యంత్రము లేదు. నడుపువాని కన్నులే సాధనములు. మబ్బు పట్టినచో అవియు లేవు.

అదే సంవత్సరము డిసెంబరు 9న స్పెయిను రాజధానియగు మాడ్రిడ్‌లో వివిధదేశముల ప్రతినిధులు ఒక ఒడంబడికపై సంతకములు చేసిరి. 1865లో పారిసున పుట్టిన టెలిగ్రాఫు సమాఖ్యయు, రేడియో సంధులును దానిచే నేకమై, నేడు జెనీవాలో కొలువున్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్యగా రూపొందెను. బళ్లారిలో దిగిన విమానమునకును మాడ్రిడ్‌లోని కాగితమునకును సంబంధ మున్నదని ఆనాడు మనలో నెవరికిని తోచియుండదు. నేడు ఆ కాగితపు సంతతి లేనిదే బెంగుళూరునుండి హైదరాబాదునకు ఒక్క విమానమైనను సురక్షితముగ పోజాలదు.

విమానము ఆకాశమున నున్నంతసేపు మౌనముగ నుండదు. వైమానికుడు నేలమీది అధికారులతో మాటలాడునది 117.975 మొదలు 137 మెగాహెర్ట్జుల వఱకు గల పట్టెలో. దిగునపుడు రన్‌వే నడిమిగీతను చూపు సంజ్ఞ 108 మొదలు 112 వఱకు గల పట్టెలోనిది. ఎంత వాలుగ దిగవలెనో చెప్పునది 330 ప్రాంతమున నున్నది. నేలమీది రాడారు 1030పై ప్రశ్నించును. విమానము 1090పై తానెవరో, ఎంత యెత్తున నున్నదో ప్రత్యుత్తర మిచ్చును. ఉపగ్రహములు స్థానమును తెలుపు జి.పి.యస్. సంజ్ఞ 1575.42పై వచ్చును. క్రింద నేల యెంత దూరమున నున్నదో కొలుచు రేడియో ఆల్టిమీటరు 4200 మొదలు 4400 వఱకు గల పట్టెలో పనిచేయును. సంఖ్యలు విసుగు పుట్టించునని యెఱుగుదుము. కాని సర్వే నంబరు తెలియని రైతు తన పొలమును కాపాడుకొనలేడు. ఈ వివాదమున సర్వే నంబర్లు ఇవియే.

మన యూరి ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రము 101.7పై ప్రసారము చేయుచున్నది. ఎఫ్.ఎం. పట్టె 108తో ముగియును. విమానముల పట్టె ఆ 108తోనే మొదలగును. ఒకరి పాట మఱియొకరి చెవిలో పడకుండుటకు నడుమ నున్న గట్టు శాసనమే తప్ప వేఱొండు కాదు.

కరవుసీమవారికి ఈ తత్త్వమును బోధింప నక్కఱలేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు ఈ పీఠభూమిలో చెఱువుల క్రింద బ్రతికినవారు వంతు అను మాటకు అర్థ మెఱిగినవారు. నీరుగంటి తూము తెఱచును, మూయును. ఎగువ కయ్యవాడు రాత్రివేళ కాలువకు గండి కొట్టినచో చివరి కయ్య యెండును. తుంగభద్ర ఎగువకాలువకు ట్రిబ్యునలువారు 32.5 టి.యం.సి.ల నీటిని కాగితముపై నిర్ణయించినను కాలువ చివర నున్నవారికి ఏమి ముట్టుచున్నదో మన పాఠకులకు చెప్పనేల? తరంగములును అట్టివే. అయితే ఒక భేదము కలదు. నీరు వాడినకొలది తఱుగును; తరంగము తఱుగదు, వాడుట మానిన మఱుక్షణమే తొంటివలె నిర్మలమగును. కాబట్టి అందలి కొఱత వస్తువు లేమి కాదు, వరుస లేమి. మఱియొక భేదము. కాలువకు గండి కొట్టిన జాడ మఱునాడు కనబడును. ఆకాశమున గండి కొట్టినవాడు జాడ విడువడు.

ప్రపంచమునకంతకు ఈ వంతులు వేయునది రేడియో నిబంధనావళి. అది 194 సభ్యరాజ్యముల నడుమ నున్న సంధిపత్రము. ప్రపంచమును మూడు మండలములుగ విభజించి, ఏ పట్టె యే పనికి చెందునో అది నిర్ణయించును. మనది మూడవ మండలము. మూడు నాలుగేండ్ల కొకసారి మహాసభ కూడి దానిని సవరించును. భారతదేశము ఈ సమాఖ్యలో 1869నుండియు సభ్యత్వము గలది. ఆనాటి సభ్యత్వము మనపేర బ్రిటిషువారు నడుపుకొనినది. నేటి వోటు మనది. దానిని మనపేర నెట్లు వాడుచున్నారని యడుగుటకు మనకు హక్కు కలదు. ప్రాణరక్షణకు సంబంధించిన రేడియో సేవలను హానికరమైన జోక్యమునుండి కాపాడుటకు ప్రత్యేకచర్యలు అవసరమని ఆ నిబంధనావళిలోని 4.10వ నిబంధన పలుకుచున్నది. మాట గట్టిదే. అమలు మాత్రము ఏ దేశమున కా దేశమే చేసికొనవలెను. జెనీవాకు పోలీసులు లేరు.

మన దేశమున ఈ తరంగముల కెవరు స్వామి? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న బెంగాలు క్రికెట్ సంఘము వ్యాజ్యమున సమాధాన మిచ్చెను. ఆకాశతరంగములు ప్రజల యాస్తి. ప్రజాహితముకొఱకే వానిని వినియోగింపవలెను. ఆ వ్యాజ్యమున ప్రత్యేకముగ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి బి. పి. జీవన్‌రెడ్డిగారు తెలుగువారు. న్యాయవాదవృత్తిలో నున్నవారికి ఆ తీర్పు సుపరిచితమే కాని, దాని ఫలితార్థమును సామాన్యముగ వాక్స్వాతంత్ర్యమువఱకే చెప్పి యూరకుందురు. ప్రజల యాస్తియనిన, దానికి ధర్మకర్త కలడు. ధర్మకర్త యాస్తిని కౌలున కిచ్చునపుడు ప్రక్కపొలమువాని ప్రాణమునకు హాని రాకుండ చూచుట అతని ధర్మములలో మొదటిది. 2023లో పార్లమెంటు చేసిన టెలికమ్యూనికేషన్ చట్టముసైతము వాతావరణసూచన, విమానాశ్రయముల నిర్వహణము వంటి పనులకు వలయు తరంగములను వేలము వెలుపల నుంచెను. అది మెచ్చదగినదే. కాని వేలము వెలుపల నుంచిన పొలమునకు ఇరుగుపొరుగు పొలములు వేలము వేయబడుచున్నవి. చిక్కంతయు నక్కడనే యున్నది.

తేదీలను వరుసగ చూడుడు. 2022 జూలై 26న 5జి వేలము మొదలై ఆగస్టు 1న ముగిసెను. ప్రభుత్వమునకు వచ్చిన మొత్తము 1,50,173 కోట్ల రూపాయలు. అమ్మబడిన పట్టెలలో 3300-3670 మెగాహెర్ట్జులది యొకటి. అక్టోబరు 1న 5జి సేవ ప్రారంభమాయెను. నవంబరు 29న టెలికం శాఖవారు కంపెనీలకు ఒక లేఖ వ్రాసిరి. విమానాశ్రయముల రన్‌వే రెండు కొనలనుండి 2,100 మీటర్ల మేరను, నడిమిగీతకు ఇరుప్రక్కల 910 మీటర్ల మేరను ఈ పట్టెలో టవర్లు నెలకొల్పరాదు. విమానములలోని రేడియో ఆల్టిమీటర్లకు తగిన వడపోత సాధనములు మార్చువఱకు ఈ నిషేధ ముండును. ఇది ఆ లేఖ సారాంశము. నిషేధము మంచిదే. కాని సొమ్ము చేత పడినది ఆగస్టులో, హద్దురాయి పాతినది నవంబరులో. దస్తావేజు రిజిస్టరయిన పిమ్మట ఎల్లలు కొలుచు అమీనును ఏ మునసబు కోర్టైనను మెచ్చునా?

రేడియో ఆల్టిమీటరు సామాన్యమైన యంత్రము కాదు. విమానము పొట్టక్రిందినుండి అది నేలవైపునకు తరంగమును పంపి, నేలకు తాకి తిరిగివచ్చిన దానిని పట్టి, ఆ వ్యవధినిబట్టి ఎత్తును కొలుచును. మామూలు ఎత్తుకొలత గాలి పీడనముమీద నాధారపడినది. అది సముద్రమట్టమునుండి లెక్క చెప్పును గాని, క్రింద కొండ యున్నదో లోయ యున్నదో చెప్పదు. పొగమంచులో రన్‌వే కనబడనపుడు, చివరి కొన్ని వందల అడుగులలో, యంత్రము స్వయముగ దిగుటకు ఆధారము ఆల్టిమీటరే. కొండ దాపునకు వచ్చినదని హెచ్చరించు గంటయు దీనిమీదనే మ్రోగును. 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్ వద్ద తురుష్క దేశపు విమాన మొకటి దిగుచుండగా ఎడమప్రక్క ఆల్టిమీటరు తాను నేలకు ఎనిమిది అడుగుల క్రింద నున్నట్లు చూపెను. యంత్రము దానిని నమ్మి ఇంజన్ల వేగము తగ్గించెను. విమానము పొలములో పడి తొమ్మండుగురు మరణించిరి. అక్కడ దోషము యంత్రములోనిది, పరాయి తరంగముల వలన కలిగినది కాదు. అయినను ఈ చిన్న పెట్టె యొక తప్పు చెప్పినచో పెద్ద విమాన మేమగునో తెలియుటకు ఆ యుదాహరణ చాలును.

ఇట్టి వ్యవహారము మనయొద్దనే జరిగినదని యనరాదు. అమెరికాలో 3700-3980 మెగాహెర్ట్జుల పట్టెను 2021లో ఎనిమిదివేల కోట్ల డాలర్లకు పైబడి వేలము వేసిరి. 2022 జనవరి 19న టవర్లు పనిచేయ నారంభింప బోవునపుడు విమానశాఖవారు ఆల్టిమీటర్లనుగూర్చి హెచ్చరిక చేసిరి. తరంగముల శాఖవారు భయము లేదనిరి. ఒకే ప్రభుత్వములోని రెండు శాఖల కలహము! ఆనాడు ఎయిరిండియావారు అమెరికాకు పోవు కొన్ని విమానములను రద్దుచేసిరి. కొడుకుల యొద్దకు, కూతుళ్ల కాన్పులకు పోవు తెలుగు తలిదండ్రులు విమానాశ్రయములలో చిక్కుకొనిన సందర్భ మిది. విమానములలోని యంత్రములను సరిచేయుటకు ఆ దేశమున నేడాదికి మించి పట్టెను; ఆ వ్యయభారము విమానముల కంపెనీలమీద పడెను. వేలపుసొమ్ము ఖజానాకు, మరమ్మతు ఖర్చు ప్రయాణికునకు!

న్యాయముగ నొక మాట చెప్పవలెను. మనము అమ్మిన పట్టె 3670తో ముగియును. ఆల్టిమీటరు 4200తో మొదలగును. నడుమ 530 మెగాహెర్ట్జుల బీడు కలదు. అమెరికాలో ఆ బీడు 220 మాత్రమే. కాబట్టి మన ప్రమాదము వారి ప్రమాదముకంటె తక్కువయని యొప్పుకొందము. అయితే ఆ యూరట ఎంతకాలము?

రాబోవు మహాసభ 2027 అక్టోబరు 18 మొదలు నవంబరు 12 వఱకు చీనాదేశమున షాంఘైలో జరుగనున్నది. దాని కార్యక్రమమున 1.7వ విషయము సెల్‌ఫోను సేవలకు క్రొత్త పట్టెలను వెదకుట. ఆ క్రొత్త పట్టెలలో 4400-4800 మెగాహెర్ట్జులది యొకటి. మన మూడవ మండలముకూడ అందు చేరినది. పాఠకులు పైన చెప్పిన సర్వే నంబర్లను మరల చూతురుగాక. ఆల్టిమీటరు పొలము 4400 వద్ద ముగియును. ప్రతిపాదిత పొలము 4400 వద్దనే మొదలగును. 530 లేదు, 220 లేదు, గట్టు వేయుటకు జానెడు చోటైనను లేదు. ఇది ఇంకను ప్రతిపాదనయే. రెండు సేవలును ఇరుగుపొరుగున మనగలవో లేవో దేశములన్నియు పరిశోధనలు చేసి తెలుపవలసియున్నది. మన ప్రభుత్వ మేమి తెలుపనున్నది? ఈ ప్రశ్న మీద దేశభాషాపత్రికలలో నొక్క వాక్యమైనను మేము చూచియుండలేదు.

సెల్‌ఫోను వద్దని మా వాదము కాదు. కల్యాణదుర్గము, రాయదుర్గము ప్రాంతములలో వేరుసెనగ ధర తెలిసికొనుటకును, వలసపోయిన బిడ్డతో మాటలాడుటకును, ఉపాధికూలి బ్యాంకులో పడినదో లేదో చూచుకొనుటకును ఫోనే సాధనము. దానికి తరంగములు కావలయును. ఇంకను కావలయును. కాని చెఱువు మరువ పారునంత నీరున్నను నీరుగంటి యక్కఱలేదని ఏ గ్రామమును తలపలేదు.

కావలి యెంత పలుచగ నున్నదో జి.పి.యస్. విషయమున తేటపడినది. ఉపగ్రహములు ఇరువదివేల కిలోమీటర్ల పైనుండి పంపు ఆ సంజ్ఞ నేలకు చేరునప్పటి కెంత క్షీణించుననగా, ఒక వాటును కోటి భాగములు చేసి, అం దొక భాగమును మరల కోటి భాగములు చేసినచో, ఆ యొక్క భాగముకంటెను తక్కువ. దానిని క్రింద నొక చిన్న యంత్రముతో అణచివేయవచ్చును. అంతకంటె ఘోరముగ దొంగసంజ్ఞను పంపి విమానమునకు లేని స్థానమును ఉన్నట్లు చూపవచ్చును. 2023 చివరినుండి పశ్చిమాసియా గగనమున నిది పెరిగినది. కదిరి, రాయచోటి ప్రాంతములనుండి కువైటునకు ఇంటిపనికి పోవు స్త్రీలు ప్రయాణము చేయునది ఆ దిక్కునకే. మన పౌరవిమానయాన డైరెక్టరేటు ఆ సంవత్సరము నవంబరులోనే హెచ్చరికపత్రము వెలువరించెను. 2023 నవంబరునుండి 2025 ఫిబ్రవరి వఱకు ఎల్లప్రాంతమున, ముఖ్యముగ అమృతసరము, జమ్ము పరిసరముల, 465 సంఘటనలు నమోదైనట్లు ప్రభుత్వము పార్లమెంటున తెలిపెను.

సరిహద్దు గొడవ మనకేమని యనుకొనువారికి 2025 డిసెంబరు మొదటి తేదీన సమాధానము వచ్చెను. ఢిల్లీ విమానాశ్రయమున దిగు విమానములకు దొంగసంజ్ఞలు తగిలినవనియు, కలకత్తా, బొంబాయి, అమృతసరము, బెంగుళూరు, మద్రాసులతోపాటు హైదరాబాదునుండికూడ జోక్యమునుగూర్చి నివేదికలు వచ్చినవనియు పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామమోహననాయుడుగారు రాజ్యసభకు తెలిపిరి. ఢిల్లీలో ఆపద తప్పుటకు కారణము గమనింపదగినది. ఉపగ్రహముపై నాధారపడక నేలమీది పాత సాధనములతో దిగిన విమానములకు ఏమియు కాలేదు. క్రొత్తది వచ్చినంతనే పాతదానిని తూకమునకు అమ్మివేయు అలవాటు మన శాఖలకు కలదు. ఈ విషయమున అట్లు చేయకుండుట మేలయినది. ఇకముందును చేయకుందురుగాక. దోషి నెవరు పట్టవలెను? 1952లో స్థాపితమైన వైర్‌లెస్ ప్రణాళికా శాఖయు, దాని తోడుగ తరంగముల కావలి కాయు పర్యవేక్షణ సంస్థయు. లక్షన్నర కోట్లు తెచ్చిపెట్టిన యాస్తికి కావలిబంట్లెందఱు, వారి చేతి పరికరము లెట్టివి, ఒక దొంగసంజ్ఞ పుట్టినచోటును ఎన్ని నిమిషములలో కనుగొనగలరు? వైమానికులు పది నిమిషములలో నివేదింపవలెనని 2025 నవంబరులో ఉత్తరువు వెలువడినది. నివేదిక నందుకొనిన వారికిని అట్టి గడువుండవలదా?

అంతర్జాతీయ శాసనము నిరుపయోగమని యెవరైన తలచినచో రెండు నిదర్శనములు చాలును. 2014 మార్చి 8న మలేషియా విమాన మొకటి 239 మందితో సముద్రముపై నదృశ్యమాయెను. నేలమీది గ్రాహకయంత్రములకు అందని చోట విమాన మెక్కడ నున్నదో చూచుకొను ఏర్పాటు లేకపోవుట లోకమునకు తెలిసివచ్చెను. మఱుసటి సంవత్సరము నవంబరులో జెనీవా మహాసభవారు, విమానములు 1090పై పలుకు పలుకును ఉపగ్రహములుకూడ వినవచ్చునని పట్టె కేటాయించిరి. నత్తనడకకు పేరుపొందిన సమాఖ్య ఇరువది నెలలలో నీ పని చేసెను.

రెండవది మన గడ్డమీదిది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరిరి. సుమారు గంటలో సంబంధము తెగిపోయెను. నల్లమల కొండలలో శిథిలములు కనబడినది మఱునాటి యుదయమున. ఐదుగురు మృతులైరి. ఆ పగలును ఆ రాత్రియు తెలుగునాట నెవరికిని నిద్రలేదు. దుర్ఘటనకు కారణములను విచారణసంఘము పరిశీలించినది. అది యిక్కడ మా విషయము కాదు. మేము చెప్పవలసినది వేఱు. విమానముల మాటల తరంగము చూపు మేరకే పోవును. కొండ యడ్డమైన అది వినబడదు. ఉపగ్రహములు ఆపత్సంజ్ఞలను 121.5పై వినుట ఆ సంవత్సరము ఫిబ్రవరి 1నుండియే ప్రపంచమంతట మాని, 406 మెగాహెర్ట్జులకు మారెను. మన దేశమున ఆ సంజ్ఞల నందుకొను కేంద్రము బెంగుళూరున నున్నది. 2023లో దుబాయి మహాసభ మఱియొక యడుగు వేసినది. 117.975-137 పట్టెలోని మాటలను ఉపగ్రహముద్వారా చేరవేయుటకు అనుజ్ఞ యిచ్చినది. నల్లమలవంటి చోట్ల ఇకమీదట వైమానికుని గొంతు కొండను దాటి వినబడుటకు దారి యేర్పడినది. ఎక్కడనో దుబాయిలో చేర్చిన యొక పంక్తికిని మన కొండలకును ఇంత దగ్గఱి సంబంధము కలదు.

వానమాట యెత్తకుండ కరవుసీమలో నేదియు వ్రాయలేము. ఈ శతాబ్ది మొదటి దశకమున మేఘమథన విమానములు మన జిల్లామీద తిరుగుచుండగా జనము తలలెత్తి చూచుట పాఠకులకు జ్ఞాపకముండును. ఆ మబ్బులను వెదకినది రాడారు, అనగా తరంగమే. గాలిలోని నీటియావిరి 23.8 గిగాహెర్ట్జుల వద్ద సహజముగ నొక సన్నని సంజ్ఞ నిచ్చును. ఉపగ్రహములు దానిని విని ఎక్కడ తేమ యున్నదో చెప్పును. ఈ స్వరమును ఏ శాసనమును మఱియొక చోటికి మార్పలేదు. అది ప్రకృతి నియమము. దానికి పొరుగున 24.25 మొదలు గల పట్టెను 2019లో సెల్‌ఫోను సేవలకు విడిచిరి. 2022 వేలమున మనవారును దాని నమ్మిరి. పొరుగువాని రొద ఎంత మించరాదో మహాసభలో నిర్ణయించినప్పుడు కఠినమైన హద్దును 2027 సెప్టెంబరు 1నుండి మాత్రమే అమలు పెట్టుట కొప్పుకొనిరి. విమానమునకైనను, ముంగారు విత్తునకైనను, వానరాకను తెలుపు చెవి యొక్కటే. అది మొద్దుబాఱినచో నష్టపోవువారిలో మనము మొదటివారము.

ఇక పట్టణవాసులమైన మన సంగతి. సిగ్నలు అందుటలేదని దుకాణములపై బూస్టర్లు, పరీక్షలని, ప్రార్థనలని జామర్లు తెచ్చి పెట్టుకొనుట పెరుగుచున్నది. అనుమతి లేక ఇవి అమ్ముటయు, వాడుటయు నేరమని టెలికం శాఖ 2022లో స్పష్టముగ ప్రకటించెను. లారీలకు, బాడుగ కార్లకు యజమాని కట్టిన జి.పి.యస్. గుఱుతును మాయ చేయుటకు చిన్న జామరు కొనుట పరిహాసముగ తోచవచ్చును. అమెరికాలో నెవార్కు విమానాశ్రయము ప్రక్కగ పోవు ఒక డ్రైవరు, యజమాని కంటబడకుండుటకు అట్టిది పెట్టుకొని, విమానములకు దారి చూపు క్రొత్తయంత్రమును కలతపెట్టెను. 2013లో అతనికి వేసిన జుల్మానా 31,875 డాలర్లు. బెంగుళూరు హైదరాబాదుల నడుమ పోవు రాజమార్గము మన యూరిమీదుగనే పోవుచున్నది. ఆ మార్గము దేవనహళ్లి విమానాశ్రయపు వాకిటనే యుండును.

లైసెన్సులేని రేడియో నేరమనిన 1933నాటి వైర్‌లెస్ శాసనమును జ్ఞప్తికి తెచ్చుకొని కొందఱు మిత్రులు ముఖము చిట్లింతురు. 1942లో ఉషా మెహతాగారును, వారి సహచరులును రహస్యముగ కాంగ్రెసు రేడియో నడిపి చెఱసాల పాలయినది అట్టి శాసనములక్రిందనే గదా యని వారందురు. నిజమే. ఆ తరంగముమీద కూర్చున్నవాడు ఆనాడు దొర. ప్రజల గొంతు నొక్కుటయే వాని యుద్దేశము. నేడు దొర లేడు. దొర పోయినందున ఆకాశము దిక్కులేని బంజరు కాలేదు, అది మన చేతికి వచ్చినది. దుకాణపు బూస్టరును సత్యాగ్రహముతో పోల్చుట ఆ తల్లి త్యాగమున కవమానము.

అనంతపురమునకు విమానయానముతో సంబంధము లేదనరాదు. ఈ జిల్లా యిల్లూరున పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు 1966-67లలో కేంద్రమున రవాణా, పౌరవిమానయాన మంత్రిగ నుండిరి. 1990లో పుట్టపర్తిలో విమానాశ్రయము వెలసినది. 2022లో ఆ యూరు శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమైనది. 2025 నవంబరున ప్రధానమంత్రి అక్కడికి వచ్చిరి. నేడు కాలమహిమచేత రెండు పగ్గములును తెలుగువారి చేతులలో నున్నవి. 2024 జూన్‌లో కింజరాపు రామమోహననాయుడుగారు విమానయానమునకు మంత్రిగను, పెమ్మసాని చంద్రశేఖరుగారు కమ్యూనికేషన్లకు సహాయమంత్రిగను పదవులు స్వీకరించిరి. ఒకరిది విమానము, ఒకరిది తరంగము. అమెరికాలో ఈ రెండు శాఖలే కలహించుకొనినవి. మనయొద్ద వారిరువురును ఒక బల్లయొద్ద కూర్చుండుటకు భాషకూడ అడ్డము కాదు.

వారిని మేము కోరునది మితమైనది. 4400-4800 పట్టెనుగూర్చి మన దేశమున జరుగు పరిశోధనల ఫలితములను షాంఘై సభకు ముందే పార్లమెంటు బల్లపై నుంచవలెను. వాని సారాంశము దేశభాషలలో వెలువడవలెను. ఆల్టిమీటరు పట్టెకు సరిపడు బీడు విడిచినగాని ఆ పొలమును సెల్‌ఫోనులకు విడువమని మన ప్రతినిధులు సభలో స్పష్టముగ చెప్పవలెను. ఇకమీదట ఏ పట్టెను వేలము వేసినను, విమానాశ్రయముల హద్దులు వేలపు షరతులలోనే వ్రాయబడవలెను. కొనువానికిని తాను కొనునదేమో ముందే తెలియును, కోర్టులకు పని తగ్గును. వేలమున వచ్చిన సొమ్ములో నొక నియతభాగము విమానముల యంత్రముల మార్పునకును, కావలి కేంద్రములకును ప్రత్యేకింపబడవలెను. ఆల్టిమీటర్ల మార్పు ఎన్ని విమానములలో పూర్తియైనదో, ఎన్నిటిలో మిగిలినదో మూడుమాసముల కొకమారు ప్రకటించుట కష్టమైన పని కాదు.

సభకు పోవు ప్రతినిధుల వాదములు సభలో పుట్టవు. అవి ఫైళ్లలో, రెండేండ్ల ముందునుండియే రూపుదాల్చును. ఆ ఫైళ్లు ఇప్పుడు ఢిల్లీలో కదలుచున్నవి. మన పార్లమెంటు సభ్యులు పండుగలకు, పెండ్లిండ్లకు ఊరికి వచ్చినపుడు కాలువనీటినిగూర్చి అడుగు పఠనమందిర మిత్రులు ఈ సర్వే నంబరునుగూర్చికూడ ఒక ప్రశ్న వేయుదురుగాక: 4400 వద్ద గట్టు ఎవరు వేయుచున్నారు?